కర్జన్ గారి ఇంట్లో
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. ఆర్ అండ్ బి శాఖలో ముప్పై నాలుగేళ్లు ఇంజనీరుగా పనిచేసినవాణ్ణి. నన్ను రోడ్ల గురించి మాట్లాడమంటారేమో అనుకున్నాను. కార్యదర్శి మాత్రం ఫోన్లో, "రోడ్ల సంగతి వద్దు బావా, అందరికీ తెలిసిందే. నువ్వు ఇంగ్లండులో చూసొచ్చిన బంగళా గురించి చెప్పు" అన్నాడు. రోడ్ల సంగతి ఎందుకు వద్దన్నాడో ఇక్కడికి కారులో వచ్చినవాళ్లకు తెలుసు.

ఆ బంగళా పేరు కెడిల్‌స్టన్ హాల్. ఇంగ్లండు నడుమ డార్బీషైర్ అనే జిల్లాలో, డార్బీ పట్నానికి నాలుగైదు మైళ్ల దూరంలో ఉంది. మా అమ్మాయి, అల్లుడు డార్బీలో ఉంటారు. రెండు విడతలుగా వెళ్లి వాళ్ల దగ్గర ఉన్నప్పుడు ఆ ఇంటిని అయిదుసార్లు చూశాను. మొదటిసారి అల్లుడు తీసుకెళ్లాడు. మిగతా నాలుగుసార్లు నేనే పోరుపెట్టి తీసుకెళ్లించుకున్నాను.

అంత పట్టు ఎందుకంటే, దానికి కారణం ఈ బడిలోనే ఉంది. ఎనిమిదో తరగతిలో మా సోషలు మాస్టారు, అదిగో, శాలువా కప్పుకుని కూర్చున్నారు, వంగ విభజన పాఠం చెప్పారు. 1905 అక్టోబరు 16. చేసినవాడు లార్డ్ కర్జన్. పరీక్షలో కారణాలు రాయమంటే నేను, "కర్జన్ దుర్మార్గుడు కాబట్టి" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను. మాస్టారు దాన్ని ఎర్రసిరాతో కొట్టేసి, పక్కన "ఇది కారణం కాదు, తిట్టు" అని రాశారు. అయిదుకు సున్నా. ఆ కర్జన్ పుట్టిన ఇల్లే ఈ కెడిల్‌స్టన్. టికెట్టు కొనుక్కుని లోపలికి అడుగుపెట్టేటప్పుడు నాకు ఆ ఎర్రసిరాయే గుర్తొచ్చింది.

ముందు ఇంటి సంగతి చెబుతాను, మనిషి సంగతి తర్వాత.

కర్జన్ల వంశం పన్నెండో శతాబ్దం నుంచీ ఆ ఊళ్లోనే ఉంది. మన కాకతీయుల కాలం నుంచి అనుకోండి. అక్కడ వాళ్లకు అప్పటికే ఎర్ర ఇటుక మేడ ఒకటి ఉండేది. 1758లో ఆస్తి చేతికొచ్చిన నథానియల్ కర్జన్‌కు అది ఆనలేదు. పడగొట్టించాడు. బొమ్మలు, శిల్పాలు కొనే పిచ్చి ఉన్నవాడు. వాటికి తగ్గ ఇల్లు కావాలనుకున్నాడు. మూడేళ్లకు లార్డ్ స్కార్స్‌డేల్ అన్న బిరుదు కూడా వచ్చింది.

పనిలో ముగ్గురు ఆర్కిటెక్టులు మారారు. మొదట మాథ్యూ బ్రెటింగమ్, తర్వాత జేమ్స్ పెయిన్. అప్పుడే ఇటలీ నుంచి తిరిగొచ్చిన రాబర్ట్ ఆడమ్ అనే స్కాట్లండు కుర్రవాణ్ణి తోటలో చిన్న చిన్న కట్టడాలకని పెట్టుకున్నారు. 1760 నాటికి మొత్తం పని అతని చేతికే వచ్చింది. అప్పటికి అతనికి ముప్పై రెండేళ్లు. తోటపనికి పిలిస్తే ఇల్లే పట్టేశాడన్నమాట. కాంట్రాక్టర్లు ఇక్కడ ఎవరైనా ఉంటే నవ్వుకోవచ్చు.

ఉత్తరం వైపు ముఖభాగం పెయిన్ పద్ధతిలోనే సాగింది. నడుమ పెద్ద మేడ, ముందు ఆరు కొరింథియన్ స్తంభాల పోర్టికో, అటూ ఇటూ వంపు తిరిగిన నడవాలు, ఆ నడవాల చివర చెరొక చిన్న మేడ. ఇటలీలో పల్లాడియో అనే పదహారో శతాబ్దపు ఆర్కిటెక్టు గీసిన పటాలే దీనికి మూలం. ఇలాంటి చిన్న మేడలు నాలుగు మూలలా నాలుగు రావాలి. రెండే లేచాయి. తూర్పుది కుటుంబం ఉండటానికి, పడమటిది వంటకు. దక్షిణం వైపు రావలసిన రెండూ కాగితం మీదే ఉండిపోయాయి. ఇల్లు కట్టినవాడికెవడికైనా ఇది అర్థమవుతుంది. ప్లాను గీసే రోజున ఉన్న డబ్బు స్లాబు నాటికి ఉండదు.

వెనక్కి తిరిగి దక్షిణం వైపు వెళితే వేరే ఇల్లు చూస్తున్నట్టుంటుంది. అది ఆడమ్ చెయ్యి. రోములో కాన్‌స్టంటైన్ చక్రవర్తి విజయతోరణం ఉంది కదా, దాన్ని తెచ్చి ఇంటి గోడకు అతికించాడు. దాని వెనక నుంచి గుమ్మటం తొంగి చూస్తుంది. ఆ గోడ మీద లాటిన్‌లో చెక్కించారు: స్నేహితుల కోసం, తన కోసం కట్టుకున్నానని. స్నేహితులు ముందు, తాను తర్వాత. ఈ మాట నేను మళ్లీ ఎత్తుతాను, గుర్తుపెట్టుకోండి.

లోపలికి రండి. గుమ్మం దాటగానే మార్బుల్ హాల్. రెండు వరసల్లో ఇరవై స్తంభాలు, ఒక్కొక్కటి 25 అడుగులు. పేరు మార్బులే గాని స్తంభాలు పాలరాయి కావు, అలబాస్టర్. జిప్సమ్ జాతి రాయి, మెత్తన, గోరుతో గీరినా గీత పడుతుంది. నీళ్లు తగిలితే మెల్లగా కరుగుతుంది కూడా, అందుకని బయట వాడరు, ఇంట్లోనే వాడతారు. లేత రంగు మీద ఎర్రటి, గోధుమ రంగు చారలు. ఇటలీ నుంచి తెప్పించిందేం కాదు, పక్క నాటింగమ్‌షైర్‌లో తవ్విందే. ఆ హాలుకు పక్కల కిటికీలు లేవు. పెయిన్ పెట్టాలనుకున్నాడట, ఆడమ్ వద్దని, పైకప్పులో అద్దాలు పెట్టి వెలుగంతా పైనుంచి దింపాడు. మబ్బు కదిలితే స్తంభాల రంగు కదులుతుంది. నేను అక్కడ బెంచీ మీద అరగంట కూర్చున్నాను. మా ఆవిడ రెండుసార్లు వచ్చి పిలిచింది.

దాని వెనక గది సెలూన్. మన వీధి చివరి సెలూన్ కాదు, గుండ్రటి సభామందిరం. 42 అడుగుల వ్యాసం, 62 అడుగుల ఎత్తు, నడినెత్తిన అద్దం. రోములోని పాంథియాన్ గుడిని ఇంట్లోకి తెచ్చుకున్నారు. చలిదేశంలో అంత ఎత్తు గది వెచ్చబడేదెలా? గోడ గూళ్లలో రోమన్ బలిపీఠాల్లా కనిపించేవి నిజానికి ఇనుప పొయ్యిలు. ఆ ఉపాయం నాకు భలే నచ్చింది. పడకగదిలో మంచం కోళ్లు తాటిచెట్టు బోదెల్లా పైకి లేచి చివర మట్టలు విప్పుకుంటాయి. తాటిచెట్టు కింద పడుకోవడం మనకు కొత్త కాదు గాని, వాళ్లకు అది రాజభోగం.

ఆ పెద్ద మేడలో ఎవరూ కాపురం ఉండలేదు. కాపురమంతా తూర్పు మేడలోనే. నడుమ మేడ చూపించడానికి కట్టింది. కొత్తల్లుడొస్తే తప్ప తాళం తియ్యని గది మన ఇళ్లలో ఉండేది చూశారా, దాన్నే అంత చేసి కట్టారనుకోండి. ఇల్లు చూడవచ్చేవాళ్ల కోసం 1769లోనే ఏ గదిలో ఏ బొమ్మ ఉందో జాబితా అచ్చు వేయించారు. చూపించే పని హౌస్‌కీపర్ మిసెస్ గార్నెట్‌ది. 1777లో డాక్టర్ జాన్సన్, అంటే ఇంగ్లీషు నిఘంటువు కర్త, తన శిష్యుడు బాస్వెల్‌తో వస్తే ఆవిడే తిప్పి చూపించింది. బాస్వెల్ మురిసిపోయాడు. జాన్సన్ మాత్రం, ఇది టౌన్ హాలుకైతే సరిపోతుందని, స్తంభాల గదిలో జడ్జీలు కూర్చోవచ్చని చప్పరించేశాడు. ఆ మిసెస్ గార్నెట్ బొమ్మ నేటికీ ఆ ఇంట్లో ఉంది, చేతిలో ఆ జాబితాతో. దొరల బొమ్మల మధ్య పనిమనిషి బొమ్మ కనబడటం అరుదు. నేను ఆవిడకు నమస్కారం పెట్టాను. పడమటి మేడలో వంటింటి పొయ్యి పైన, వృథా చెయ్యకు, కొరత రాదు అన్న అర్థంలో ఒక మాట రాసి ఉంటుంది. ఆ మాట వంటవాళ్లకు వినిపించాలనుకున్నారు గాని, 62 అడుగుల గుమ్మటం కట్టినాయనకు ఎవరు వినిపిస్తారు?

ఇక మొదటిసారి వెళ్లిన రోజు సంగతి. కారు దిగి పోర్టికో వైపు నడుస్తుంటే మా ఆవిడ ఆగిపోయింది. "ఇది మా కాలేజీలా ఉందే!" అంది. ఆవిడ హైదరాబాదు కోఠీ ఉమెన్స్ కాలేజీలో చదువుకుంది. పొరపాటేం కాదు. ఆ కాలేజీ భవనం పాత బ్రిటిష్ రెసిడెన్సీ. జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ రెసిడెంటుగా ఉన్నప్పుడు, 1803 ప్రాంతంలో మొదలుపెట్టి, మద్రాసు ఇంజనీర్లలోని శామ్యూల్ రస్సెల్ చేత కట్టించాడు. అక్కడా ఆరు కొరింథియన్ స్తంభాల పోర్టికోనే. పల్లాడియో పటాల వంశంలోదే. దాయాది అనుకోండి. నిజాంకు స్థలం అడుగుతూ కిర్క్‌పాట్రిక్ పెద్ద కాగితం మీద ప్లాను చూపిస్తే ఆయన కాదన్నాడని, అదే ప్లాను చిన్న అట్టముక్క మీద గీసి చూపిస్తే వెంటనే ఒప్పుకున్నాడని ఒక కథ చెబుతారు. నా ఉద్యోగంలో ఎస్టిమేట్లు పట్టుకెళ్లే రోజుల్లో ఈ కథ తెలిసి ఉంటే బాగుండేది. 1857 జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ మనుషుల్ని వెంటబెట్టుకుని దాడి చేసింది ఈ రెసిడెన్సీ మీదే. అలాంటి చోటికి 1949లో ఆడపిల్లల కాలేజీ వచ్చింది.

కెడిల్‌స్టన్‌కు సొంత కూతురు మాత్రం కలకత్తాలో ఉంది. వెల్లస్లీ గవర్నర్ జనరల్‌గా ఉండగా 1799 నుంచి 1803 దాకా కట్టించిన గవర్నమెంట్ హౌస్. గీసినవాడు చార్లెస్ వయాట్, ఎదురుగా పెట్టుకున్నది కెడిల్‌స్టన్ ప్లాను. ఇంగ్లండులో డబ్బు చాలక రెండు మేడలతో ఆగిపోతే, కలకత్తాలో నాలుగూ లేచాయి. డబ్బు ఎవరిదో చెప్పక్కర్లేదు. ఆ ఖర్చు చూసి లండన్‌లో కంపెనీ డైరెక్టర్లే మండిపడ్డారు. ఒకటి మాత్రం న్యాయంగా చెప్పాలి. కెడిల్‌స్టన్ మన సొమ్ముతో కట్టింది కాదు. బెంగాల్లో గడించి ఇంగ్లండులో మేడలు లేపినవాళ్లు వేరే ఉన్నారు. ఇది అక్కడి భూముల రాబడి, అక్కడి రైతుల శిస్తు.

ఇప్పుడు మన కర్జన్. 1859లో ఆ ఇంట్లో పుట్టాడు. తండ్రి ఆ ఊరి చర్చికి పాదిరీ కూడా. పిల్లల్ని మిస్ పారామన్ అనే గవర్నెస్ చేతిలో పెట్టారు. తప్పుచేస్తే ఎర్రగుడ్డ లంగా కుట్టుకోమని, అది తొడుక్కుని, నెత్తిన కోసుగా చుట్టిన టోపీ పెట్టుకుని, అబద్ధాలకోరు అన్న చీటీ తగిలించుకుని ఊరందరి ముందూ తిరగమనేదట. పెద్దయ్యాక ఆయనే రాసుకున్నాడు. మా లెక్కల మాస్టారు గోడకుర్చీ వేయించారని ఇప్పటికీ చెప్పుకునేవాళ్లు ఇక్కడున్నారు. ఇక చెప్పుకోకండి.

1899 జనవరిలో, నలభై నిండకుండానే, వైస్రాయి అయి కలకత్తాలో దిగాడు. పుట్టిన ఇంటి నకలులోనే కాపురం! 1902లో హైదరాబాదు వచ్చి మహబూబ్ అలీ ఖాన్‌తో ఏకాంతంగా మాట్లాడి, బేరార్ జిల్లాల్ని ఏడాదికి పాతిక లక్షలకు శాశ్వత కౌలుగా రాయించుకున్నాడు. శాశ్వతంగా ఇచ్చేదాన్ని కౌలు అంటారా అని నాకెప్పుడూ అనుమానమే. 1903లో ఢిల్లీ దర్బారు. అంతకు మూడేళ్ల ముందే దేశంలో పెద్ద కరువు. ఆ దర్బారు నాట్యసభకు ఆయన భార్య మేరీ తొడుక్కున్న నెమలి గౌను కెడిల్‌స్టన్‌లో అద్దాల పెట్టెలో ఉంది. జరీతో ఈకలు, ఒక్కో ఈక కంటిలో నిజం పురుగు రెక్క ముక్క, ఆకుపచ్చగా ఇప్పటికీ మెరుస్తూ. కుట్టింది ఢిల్లీ పనివాళ్లు. నాలుగు కిలోల పైచిలుకు బరువు. పక్కనే కింది అంతస్తులో ఈస్టర్న్ మ్యూజియం. ఆయన ఆసియా అంతటా తిరిగినప్పుడు కొన్నవి, కానుకలుగా వచ్చినవి. దంతం, వెండి, ఇత్తడి, కత్తులు. అక్కడ నేను ఎక్కువసేపు ఉండలేకపోయాను. ప్రతి వస్తువు దగ్గరా "ఇది ఇచ్చారా, ఇవ్వక తప్పక ఇచ్చారా" అన్న ప్రశ్న వస్తుంది. పెట్టె మీది చీటీలో జవాబు ఉండదు.

తర్వాత వంగ విభజన. మన వైపు దాని సెగ తగిలింది 1907లో. బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి ఉపన్యసించడం, వందేమాతరం అన్నందుకు ట్రైనింగ్ కాలేజీ విద్యార్థి గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారిని బయటికి పంపెయ్యడం మాస్టారు కళ్లకు కట్టినట్టు చెప్పారు.

అయితే మాస్టారూ, మీ పాఠంలో లేనిది ఒకటి ఆ ఇంట్లో నాకు అర్థమైంది. ఈ కర్జనే 1904లో పురాతన కట్టడాల రక్షణ చట్టం తెచ్చాడు. పురావస్తు శాఖను మళ్లీ నిలబెట్టాడు. తాజ్‌మహల్ చుట్టూ బాగుచేయించాడు. ఇంగ్లండు వెళ్లాక టాటర్షాల్, బోడియం అనే రెండు పాడుబడ్డ కోటల్ని సొంత డబ్బుతో కొని, మరమ్మతు చేయించి, పోతూ పోతూ జనానికి రాసిచ్చాడు. పాత గోడ కూలుతుంటే చూడలేని మనిషి. బెంగాలు నడిమికి చీలుతుంటే చూడగలిగాడు. గోడల మీద అంత ప్రేమ ఉన్నవాడికి వాటి నీడన బతికే మనుషుల మాట ఎందుకు చెవికెక్కలేదు? మూడు నాలుగేళ్లుగా ఆలోచిస్తున్నాను. నాకు తోచిన జవాబు ఆ ఇంట్లోనే ఉంది. అందుకే ఇంత దూరం తీసుకొచ్చాను మిమ్మల్ని.

ఇంటి పక్కనే, ఆనుకుని, చిన్న రాతి చర్చి ఉంది. ఆ మేడ కంటే అయిదు వందల ఏళ్లు పెద్దది. చుట్టూ ఒక్క ఇల్లు లేదు. ఊరు లేకుండా చర్చి ఏమిటా అని మొదటిసారి అనుకున్నాను. ఊరు ఉండేది. కొత్త మేడ నుంచి చూపుకు అడ్డంగా ఉందని నథానియల్ దొర ఊరినే ఎత్తించి అవతల కట్టించాడు. ఊరి మీదుగా పోయే రోడ్డును కూడా దూరంగా మళ్లించాడు. ఊరున్న మేరంతా పచ్చిక, గొర్రెలు, కాలువను ఆపి చేసిన చెరువు, దాని మీద ఆడమ్ గీసిన మూడు కమానుల వంతెన. చూస్తే దేవుడు చేసిన కొండపల్లెలా ఉంటుంది. మనిషి చేసింది. రోడ్డు మళ్లింపులు, ఊళ్ల ఖాళీలు నేనూ ఫైళ్లలో చేసినవాణ్ణే. ప్రాజెక్టు కిందో, బైపాసు కిందో పోతుంటే ఊరివాళ్లు ఏ మొహాలతో వచ్చి నిలబడతారో నాకు తెలుసు. కిటికీలోంచి చూపు అందంగా ఉండటానికి ఊరు పోవడం మాత్రం నేను అక్కడే విన్నాను. స్నేహితుల కోసం, తన కోసం అని గోడ మీద రాశారన్నాను కదా. ఆ రెండు వర్గాల్లోకీ రానివాళ్లు ఈ ఊరివాళ్లు. నూరేళ్ల తర్వాత ఆ కిటికీలోంచి ఆ పచ్చిక చూస్తూ పెరిగిన పిల్లవాడు కర్జన్. పటం మీద గీతను జరిపితే మనుషులు జరుగుతారని, అందులో అంత వింతేమీ లేదని ఆ పిల్లవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇది నా ఊహ. మాస్టారు మళ్లీ సున్నా వేసినా సరే.

తర్వాతి కథ త్వరగా చెబుతాను, కార్యదర్శి వాచీ చూస్తున్నాడు. మేరీ 1906లో పోయింది. కర్జన్ ఆ చర్చిలోనే ఆమెకు ఒక మందిరం కట్టించి, పాలరాతిలో ఆమె శయనమూర్తి, పక్కనే తనదీ చేయించాడు. 1916లో ఇల్లు తన చేతికొచ్చింది, 1925లో పోయాడు, అక్కడే పాతిపెట్టారు. రెండో యుద్ధంలో సైన్యం దిగింది. ఆ తర్వాత అందరు దొరలకూ వచ్చిన కష్టమే వచ్చింది: యజమాని పోతే వారసుల మీద పడే పన్ను. 1987లో ప్రభుత్వపు నిధి సాయంతో నేషనల్ ట్రస్ట్ తీసుకుంది. ఇల్లు, బొమ్మలు, తోట అన్నీ. కుటుంబం ఒక భాగంలో ఉండొచ్చు. స్నేహితుల కోసం కట్టిన ఇంట్లోకి ఇప్పుడు టికెట్టు కొన్నవాళ్లందరూ వెళ్లొచ్చు, పరీక్షలో సున్నా తెచ్చుకున్న నేను కూడా.

చివరిసారి వెళ్లేముందు మాస్టారికి ఫోన్ చేసి ఈ సంగతులన్నీ చెప్పాను. అంతా విని ఒక్కటే అడిగారు: "బాగానే ఉంది గాని అబ్బాయీ, చర్చిని ఎందుకు వదిలేశాడయ్యా ఆయన? అదీ అడ్డమే కదా." నేను నాలుగుసార్లు వెళ్లి అడగని ప్రశ్న అది. వెళ్లి చూశాను. చర్చి లోపల కర్జన్ల సమాధులే, వందల ఏళ్లవి, తాతలవీ ముత్తాతలవీ. ఊరివాళ్ల ఇళ్లు కదిలించగలిగాడు గాని తన తాతల్ని కదిలించలేకపోయాడు. ఆ చర్చి అక్కడే ఉండబట్టి ఊరివాళ్లు కూడా తర్వాత తరాలపాటు ప్రార్థనకు దొర వాకిట్లోకే నడిచి వచ్చేవాళ్లు. చర్చి గోడకు ఒక నీడ గడియారం ఉంది. దాని మీద "వీ షల్" అని మాత్రమే చెక్కి ఉంటుంది. నీడ గడియారాన్ని వాళ్లు డయల్ అంటారు. కలిపి చదివితే "వీ షల్ డై ఆల్", మనమందరం పోయేవాళ్లమే అని. చమత్కారానికి మా తెలుగు మాస్టారు ఉంటే సంతోషించేవారు.

ఆ గడియారం ఫోటో, దొర సమాధుల ఫోటో, ఊరున్న చోటి పచ్చిక ఫోటో తెచ్చాను మాస్టారూ. భోజనాల దగ్గర చూపిస్తాను. కళ్లద్దాలు మర్చిపోకండి.